వాహనమునకు రెండు ముక్కులు

కారును సర్వీసునకిచ్చి, ఆ కేంద్రమువారి చల్లనిగదిలో పాత వారపత్రికలు తిరగవేయుచు కూర్చున్న మనిషి యొద్దకు, నీలిచొక్కా తొడిగిన కుర్రవాడొకడు నల్లబడిన కాగితపు చట్రమొకటి రెండుచేతులతో పట్టుకొని వచ్చి, దానిని అంచుపై తట్టి, రాలిన మట్టిని కన్నులయెదుట చూపి, “సార్, ఇది చూడండి, మార్చేయమంటారా?” అని యడుగుట నేటి నగరజీవనమున ఒక చిన్న కర్మకాండగా స్థిరపడిపోయినది. ఆ మట్టిని చూచిన పిమ్మట కాదనగల ధైర్యము సామాన్యున కుండదు. నేనును అనేక సంవత్సరములు తలయూపినవాడనే. ఒక్కమారు మాత్రము, ఆరునెలల క్రిందట మార్చిన దానినే మరల మార్చుమనగా సందేహము పుట్టి, ఆ చట్రమును పాత పత్రికలో చుట్టించి ఇంటికి తెచ్చుకొని, మేడమీది యెండలో పెట్టి తీరికగా పరిశీలించితిని. మురికిపట్టిన ఫిల్టరు చెడిపోయిన ఫిల్టరేనా? మురికి పట్టుటయే దాని వృత్తియైనప్పుడు, పట్టిన మురికి దాని నేరమెట్లగును? ఆనాడు మేడమీద పుట్టిన యీ ప్రశ్న నన్ను చాలదూరమే తీసికొనిపోయినది.

మొదట గ్రహింపవలసినదేమన, ఇట్టి ఫిల్టర్లు కారులో రెండున్నవి. ఒకటి బానెట్టు క్రింద నల్లని ప్లాస్టిక్కు పెట్టెలోనుండి, ఇంజను పీల్చు గాలిని వడకట్టును. దీనిని మెకానిక్కులు ఎయిర్ ఫిల్టరందురు. రెండవది అనేక కార్లలో ముందు ఎడమసీటులో కూర్చున్నవాని మోకాళ్ళయెదుట, గ్లోవ్ బాక్సు వెనుక దాగియుండి, లోపలివారు పీల్చు గాలిని వడకట్టును. దీనికి క్యాబిన్ ఫిల్టరనియు, ఏసీ ఫిల్టరనియు పేర్లు. బిల్లుపై ఒకదానిక్రింద నొకటిగా అచ్చుపడుటచే ఇవి కవలపిల్లలని జనులు తలంతురు. ఆకారమునను ఇంచుమించుగా అట్లే యుండును. కాని ఒకటి యంత్రమునకు దాసి, మరియొకటి మనిషికి దాది. యంత్రపుదాసిని మనము వేళకు ముందే పనిమాన్పించుచున్నామనియు, మన దాదిని మాత్రము ఒంట్లో శక్తి యుడిగిన చాలకాలమునకు గాని తలంచుకొనుట లేదనియు నా అభిప్రాయము.

ఇంజను ఎంత గాలి పీల్చునో చాలమంది యెరుగరు. పెట్రోలు పూర్తిగా దగ్ధమగుటకు దాని బరువునకు దాదాపు 14.7 రెట్లు బరువైన గాలి కావలెను. లీటరు పెట్రోలు ముప్పాతిక కిలోకు కొంచెము తక్కువ తూగును. దానికి వలయు గాలి సుమారు 11 కిలోలు. ఘనమీటరు గాలి రమారమి 1.2 కిలోలుండును గనుక, ఆ 11 కిలోల గాలి ఆక్రమించు స్థలము 9 ఘనమీటర్లు, అనగా 9,000 లీటర్లు. తీరికగా కూర్చున్న మనిషి, నిమిషమునకు ఏడు లీటర్ల చొప్పున, ఒక పగలును ఒక రాత్రియును పీల్చు గాలి 10,000 లీటర్లు. కావున బంకులో మనము పోయించుకొను ప్రతి లీటరు పెట్రోలును, ఒక మనిషి దినమెల్ల పీల్చు గాలికి దాదాపు సమానమైన గాలిని వెంటగొనియే మండుచున్నదన్నమాట. లీటరునకు 18 కిలోమీటర్లు నడచు కారు 10,000 కిలోమీటర్లు తిరుగునప్పటికి 555 లీటర్ల పెట్రోలును, దానితోపాటు 5,000 ఘనమీటర్ల గాలిని మ్రింగును. పన్నెండడుగుల పొడవును, పదడుగుల వెడల్పును, పదడుగుల ఎత్తును గల పడకగదులు నూటయేబదింటిలోని గాలినంతను ఖాళీచేసినట్లు.

మరి ఆ గాలిలో మన్నెంత? 2009లో ప్రకటింపబడిన మన జాతీయ ప్రమాణముల ననుసరించి, పది మైక్రాన్లకు లోబడిన ధూళి, ఒక దినపు సగటున, ఘనమీటరు గాలిలో 100 మైక్రోగ్రాములు మించరాదు. నగరవీథిలో సరిగా అంతయే యున్నదనుకొన్నచో, మన 5,000 ఘనమీటర్లలో నుండు ధూళి యెంతయనగా, అరగ్రాము! పులుసులో వేయు ఇంగువ చిటికెడు. రోడ్డుమీది గాలిలో అంతకంటె పెద్ద రేణువులును ఎగురుచుండును గనుక దీనిని పదిరెట్లు చేసికొనుడు. అప్పటికిని ఒక చెంచాడు కాదు. ఇక అదే కారు చీమకుర్తి గ్రానైటు క్వారీల యొద్దనో, బేతంచెర్ల నాపరాతి గనుల దారిలోనో, కొత్తగూడెపు బొగ్గులారీల వెంబడినో, కచ్చాబాటపై తిరుగుచున్నదనుకొందము. అచ్చటి గాలిలో ఘనమీటరునకు పది మిల్లీగ్రాముల దుమ్మున్నదని లెక్కకట్టినను, ఆ 10,000 కిలోమీటర్లకే 50 గ్రాములు, అనగా మొదటిదానికి నూరురెట్లు, ఫిల్టరు పెట్టెలో చేరును. రెండు కార్లలోను మీటరు చూపు అంకె ఒక్కటే. మ్రింగిన మన్ను ఒక్కటి కాదు. ఫిల్టరును ఎన్ని కిలోమీటర్లకు మార్చవలెనను ప్రశ్న కారునడుగుటకంటె దారినడుగుట మేలనుటకు ఈ లెక్కకంటె వేరు సాక్ష్యమక్కరలేదు.

ధూళి ఇంజనునేమి చేయును? దక్షిణాపథపు మట్టి చాలచోట్ల గ్రానైటు, నీస్ శిలలు కాలక్రమమున శిథిలమై యేర్పడినది. ఆ శిలలలోని ఇతర ఖనిజములు వానకు, ఎండకు మెత్తబడి బంకమన్నుగా మారినను, క్వార్ట్జు మాత్రము మారదు. ఇసుకయై, పొడియై, గాలికెగిరి, అట్లే నిలిచియుండును. ఖనిజముల కాఠిన్యమును కొలుచు మోస్ మానమున క్వార్ట్జునకు 7. చాకుబద్దలోని ఉక్కునకు ఐదున్నర. పిస్టనునకు వాడు అల్యూమినియము ఇంకను మెత్తన. సిలిండరు గోడకును, పిస్టను రింగులకును నడుమ ఇంజనాయిలు పొర కొన్ని మైక్రాన్ల మందమే యుండును. తలవెంట్రుక మందము డెబ్బది మైక్రాన్లని చెప్పినచో ఆ పొర సన్నదనము పాఠకులకు బోధపడగలదు. ఈ పొరకంటె మిక్కిలి చిన్నరేణువు దానిలో తేలి సాగిపోవును; మిక్కిలి పెద్దది ఆ సందున దూరనే దూరదు; పొరమందమునకు సమానమైన రేణువే, అటునిటు రెండు లోహములను తాకుచు, తిరుగటిలో పడిన రాతిపలుకువలె గీయుచుపోవును. అందుచేత ఇంజనునకు కంటికి కనబడు ఇసుకకంటె, ఐదు మొదలు ఇరువది మైక్రాన్లవరకుండు, కంటికానని పొడియే పరమశత్రువు.

ఈ సంగతి మొదటి వాహననిర్మాతలకు తెలియదు. తొలినాటి కార్లనేకము వడపోత యన్నదే లేక రోడ్డుమీది దుమ్మును దుమ్ముగనే మ్రింగుచు తిరిగినవి. దుక్కిపొలములలో ట్రాక్టర్లు ప్రవేశించిన పిదప గాని దాని ఫలితము బయటపడలేదు. అమెరికాలో ట్రాక్టర్లమ్ము ఫ్రాంక్ డొనాల్డ్‌సన్ అను నాతడు, మాటిమాటికి చెడిపోవు ఒక రైతు ట్రాక్టరును పరీక్షింపబోయి, లోపలి భాగములు దుమ్ముచే అరిగిపోవుట గుర్తించి, తీగెచట్రమునకు బట్టచుట్టి గాలిగొట్టమునకు తొడిగెను. 1915లో ఆతడు ఆరంభించిన చిన్నపని నేటికిని అతని పేరిటి పెద్దసంస్థగా నడచుచున్నది. ఆ వెనుక వచ్చినది నూనెతొట్టి వడపోత. లోనికి వచ్చు గాలిని నూనెమీదికి దింపి, హఠాత్తుగా పైకి మలపినచో, గాలి మలుపు తిరుగును గాని దానిలోని మట్టి తిరుగజాలక నూనెలో పడును. మూలమలుపున బస్సు తిరుగగానే నిలుచున్న ప్రయాణికుడు ఎదుటివాని ఒడిలో పడినట్లు. రెండవ ప్రపంచయుద్ధపు జీపులలో ఉన్నది ఇదియే. మన యంబాసడర్లలోను ఇదియే యుండెడిది. డ్రైవరు ఆ తొట్టి విప్పి, బురదయైన నూనె పారబోసి, కిరసనాయిలుతో కడిగి, క్రొత్తనూనె పోయుట నా బాల్యపు దృశ్యములలో నొకటి. పొలమునకుపోవు పాత ట్రాక్టర్లలో నేటికిని ఆ తొట్టి చూడవచ్చును. దానికి ‘మార్చుట’ యనునది లేదు, కడుగుటయే. కాగితపు ఫిల్టరు వచ్చిన తరువాతనే మనకు మార్చు కాలమును గూర్చిన చింత కలిగినది.

కాగితపు ఫిల్టరు విప్పి చూచినవారికి అది చీరకుచ్చెళ్ళను జ్ఞప్తికి తెచ్చును. ఆరుగజముల చీరను జానెడు వెడల్పున కుచ్చెళ్ళు పెట్టినట్లు, చాల వైశాల్యము గల కాగితమును మడతలుమడతలుగా చేసి పుస్తకమంత స్థలమున ఇమిడ్చియుందురు. వైశాల్యము హెచ్చగుకొలది గాలి మెల్లగా పోవును. మెల్లగా పోయినకొలది పీల్చు ప్రయాస తగ్గును. ఇది జల్లెడవంటిదని అందరును అనుకొందురు. అది సగము నిజమే. జల్లెడ తన రంధ్రముకంటె పెద్దదానినే పట్టును. ఫిల్టరు తన రంధ్రములకంటె చిన్నవానిని సైతము పట్టుకొనును. నారపోగుల అడవిలో గాలి వంకరటింకరగా పోవునప్పుడు, బరువైన రేణువులు మలుపు తిరుగలేక పోగునకు గుద్దుకొనును. అంతకంటె చిన్నవి గాలివెంట తిరిగినను ప్రక్కగా పోగునకు ఒరసికొని అతుక్కొనును. అత్యంత సూక్ష్మమైనవి, గాలి యణువుల తాకిడికి తాగినవానివలె తూలుచు, దారి తప్పి ఏదో యొక పోగుపై వ్రాలును. ఈ తూలుటను 1827లో రాబర్ట్ బ్రౌన్ అను వృక్షశాస్త్రజ్ఞుడు నీటిలోని పుప్పొడి యందలి సూక్ష్మరేణువులలో చూచెను. 1905లో ఐన్‌స్టైను దానికి గణితము వ్రాసెను. పెద్దవి దొరకును, మిక్కిలి చిన్నవియు దొరకును. తూలుటకు బరువెక్కువయు, గుద్దుటకు బరువు తక్కువయునైన నడిమి పరిమాణమువి, సుమారు 0.3 మైక్రానువి, అన్నిటికంటె సులువుగా తప్పించుకొనును.

ఇప్పుడు మేడమీది ప్రశ్నకు వత్తము. మొదట కాగితముపై చిక్కుకొన్న రేణువులు ఊరకుండవు. అవియే తరువాత వచ్చువానికి వలలగును. కొంతకాలమునకు కాగితముపై మట్టిపొర యొకటి యేర్పడి, ఆ పొరయే కాగితముకంటె నిశితమైన వడపోతగా పనిచేయును. ఇసుకబావిలోని నీరు అడుగున పేరిన ఇసుకవలననే తేటపడినట్లు, ఫిల్టరు తాను పట్టిన ధూళివలననే మరింత ధూళిని పట్టగలదు. ఆశ్చర్యముగ దోచవచ్చును గాని, పెట్టెలోనుండి క్రొత్తగా తీసిన తెల్లని ఫిల్టరే వడకట్టుటలో అన్నిటికంటె బలహీనము. నెలలు గడచినకొలది అది సమర్థమగును. పీల్చు ప్రయాస మాత్రము క్రమముగా పెరుగును. మార్చవలసిన కాలమనగా, శుద్ధి తగ్గిన కాలము కాదు, ఊపిరాడని కాలము. కనుక రంగు చూచి తీర్పు చెప్పుట అన్యాయము. నల్లబడిన ఫిల్టరు తన పనిలో నేర్పరియైనదని చెప్పుటయే న్యాయము.

ఊపిరాడకున్న మైలేజీ పడిపోవునని మరియొక భయపెట్టు మాట వాడుకలో నున్నది. ఈ మాట కార్బురేటరు నాటిది. అప్పటి ఇంజనులలో గాలి తగ్గినను పెట్రోలు తగ్గెడిది కాదు. మిశ్రమము చిక్కనై, పెట్రోలు మండకయే పొగగొట్టమున పోయెడిది. నేటి కార్లలో, పొగగొట్టమున నుండు ఆక్సిజను సెన్సరు చెప్పిన చొప్పున కంప్యూటరు ఎంత గాలికి అంత పెట్రోలునే పోయును. అమెరికాలో టెనెస్సీ రాష్ట్రపు ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాలవారు 2009లో ఫిల్టర్లను కావలెనని మూసుకొనిపోవునట్లుచేసి పరీక్షించి, ఆధునిక పెట్రోలు ఇంజనులలో మైలేజీకి చెప్పుకోదగిన నష్టము లేదనియు, కారు వేగము పుంజుకొనుట మాత్రము మందగించుననియు తేల్చిరి. క్రొత్త ఫిల్టరు వేసినచో వేగము పుంజుకొను కాలము 6 మొదలు 11 శాతమువరకు మెరుగుపడవచ్చునని అచ్చటి ప్రభుత్వము తన పౌరులకు చెప్పుచున్నది. మైలేజీ పెరుగుట కార్బురేటరు బండ్లలోనే, అదియు సాధారణముగా 2 మొదలు 6 శాతమే. ఆలోచించి చూచిన ఇది సహజమే: మనము యాక్సిలరేటరును సగమే నొక్కి నడుపునప్పుడు, ఇంజను గొంతుకకడ నుండు కవాటము గాలినెట్లును అడ్డగించుచునే యున్నది, ఫిల్టరు మరికొంత అడ్డగించెనేని, మన పాదము తెలియకయే రవంత క్రిందికి దిగి సరిపుచ్చును. కాబట్టి ‘సార్, మైలేజీ పెరుగుద్ది’ అని యెవరైన అన్నచో, వారి తాతగారి జ్ఞానమును వారు భక్తితో కాపాడుచున్నారని యెంచుడు.

ఐతే ఎన్నడు మార్చవలెను? కారుతో వచ్చిన చిన్నపుస్తకమున, అనేక కార్లకు, 20,000 మొదలు 40,000 కిలోమీటర్ల నడుమ నొక అంకె యుండును. దాని ప్రక్కనే, దుమ్ముగల దారులలో తిరుగువారు అంతకు ముందే చూచుకొనవలెనని చిన్న అక్షరములలో వ్రాసియుందురు. మన చిక్కంతయు ఆ చిన్న అక్షరములతోనే. హైదరాబాదు ఔటర్ రింగురోడ్డుపై దినము ఆఫీసునకు పోయివచ్చు ఉద్యోగి ఆ పెద్ద అంకెను నిర్భయముగా నమ్మవచ్చును. వరికోతల కాలమున యంత్రములు కోయు పొలముల నడుమ, కల్లముల తూర్పారబట్టు నూగులో తిరుగు విత్తనవ్యాపారి దానిలో సగము చాలుననుకొనవలెను. క్వారీ మేస్త్రీ కిలోమీటర్లు మరచి, రెండుమూడు నెలలకొకసారి పెట్టె విప్పి చూచుట మేలు. పెట్టె విప్పుట పెద్ద విద్య కాదు, రెండుమూడు క్లిప్పులే. ఫిల్టరును ఎండకెదురుగా ఎత్తి, వెనుకనుండి చూచినచో మడతల నడుమ వెలుతురు కొంతయైన తెలియుచున్నంతకాలము దానికాయువున్నది. ఆకులు, రెక్కలపురుగులు మడతలలోనుండిన చేతితో ఏరివేయుడు. వానకాలమున నీటిలో తడిసి ఉబ్బినదైనను, నూనె పట్టినదైనను, కాగితము చిరిగినదైనను తక్షణము పారవేయవలసినదే. దానికి కిలోమీటర్ల లెక్క లేదు.

ఇచ్చట ఒక దురాచారమును గూర్చి చెప్పక తప్పదు. సర్వీసులో మన మేలుకోరి, కంప్రెసరు గొట్టముతో ఫిల్టరుపై బుస్సున గాలికొట్టి ‘క్లీను చేసినాం’ అందురు. ఆ ధాటికి కాగితపునారలు చెదరి, కంటికానరాని చిల్లులు పడును; మురికిపట్టిన వైపునుండి కొట్టినచో మట్టి కాగితపు గర్భములోనికే దిగును; కష్టపడి కూడబెట్టిన ఆ మట్టిపొరయు పోవును. ఇక తీసి పెట్టునపుడెల్ల అంచున నున్న రబ్బరు సరిగా కూర్చొనకుండుట మరియొక గండము. అంచుకడ వెంట్రుకవాసి సందున్నచో గాలి శ్రమలేని ఆ దారినే పోవును. వడకట్టని గాలి ఇంజనులోనికి పోవుటకు మనమే తలుపు తీసినట్లగును. ఫిల్టరు దాటిన తరువాతి గొట్టమున వేలుపెట్టి చూచినప్పుడు దుమ్ము అంటినచో, అది ఫిల్టరు పాతబడిన గుర్తు కాదు, అమరిక తప్పిన గుర్తు. సరిగా కూర్చున్న పాత ఫిల్టరు, వంకరగా కూర్చున్న క్రొత్తదానికంటె వేయిరెట్లు మేలు. మాటిమాటికి విప్పువారి ఇంజనులే ముందరుగుటకు ఇట్టి హేతువులున్నవి.

యంత్రపుదాసిని గూర్చి ఇంతచాలు. దాది సంగతి వేరు.

కూర్చున్నవారి గాలిని వడకట్టవలెనన్న తలంపు, ఇంజను గాలిని వడకట్టవలెనన్న తలంపునకు చాలకాలము తరువాత వచ్చినది. నేడు మనమెరిగిన క్యాబిన్ ఫిల్టరు కార్లలో వ్యాపించుట 1980ల చివర ఐరోపాలో ఆరంభమైనది. మనదేశమున నేటికిని తక్కువ ధరకు అమ్ము కొన్ని కార్లలో దానికి గూడు మాత్రమేయుండి, ఫిల్టరుండదు. కొన్నవారు ఎన్నడును ఆ గూటిలో తొంగిచూడరు. యంత్రము అది లేనిచో చాలకాలము నడువదు గనుక దానికి మొదట పెట్టిరి. మనిషి ఫిల్టరు లేకున్నను దగ్గుచు నడచును గనుక అతని వంతు ఆలస్యముగ వచ్చినది.

బయటిగాలి కారులోనికి ప్రవేశించునది ముందద్దము మొదట, వైపర్ల క్రింద నుండు జాలినుండి. ఎర్రదీపమువద్ద ఆగినప్పుడు మన ముందున్న లారీ పొగగొట్టమునకును, ఈ జాలికిని దూరమెంతయో చూచుకొనుడు. ఇంజను భయపడునది ఐదు, పది మైక్రాన్ల రాతిపొడికి. మనిషి భయపడవలసినది అంతకంటె చిన్నదానికి. రెండున్నర మైక్రాన్లకు లోబడిన ధూళి ముక్కును, గొంతును దాటి, ఊపిరితిత్తుల చివరి గదులవరకు పోవును. మన ప్రమాణము దానికి ఒక దినపు సగటున ఘనమీటరునకు 60 మైక్రోగ్రాములు. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2021లో సవరించి చెప్పినది 15. ఈ సూక్ష్మధూళిని కేవలము కాగితముతో పట్టవలెనన్న, కాగితము దట్టమై ఫ్యాను మూలుగును. అందుచేత క్యాబిన్ ఫిల్టర్ల పోగులకు, చాలవరకు పాలీప్రొపిలీను పోగులకు, స్థిరవిద్యుత్తును ఎక్కించి పెట్టుదురు. తలదువ్విన దువ్వెన కాగితపు తునకలను లాగినట్లు, ఆ పోగులు దూరమున పోవు రేణువును సైతము తమవైపు లాగికొనును.

మర్మమంతయు ఇచ్చటనే యున్నది. ఇంజను ఫిల్టరు వాడినకొలది సమర్థమగుననియంటిమి. ఈ ఫిల్టరు వాడినకొలది అసమర్థమగును. డీజిలు మసి, నూనెయావిరి పోగులపై పరచుకొన్నకొలది ఆ విద్యుత్తు కప్పబడి క్షీణించును. కంటికి తెల్లగానే కనబడుచు, సూక్ష్మధూళిని విడిచిపెట్టుచుండును. కొందరు గృహస్థులు దీనిని కుళాయిక్రింద సబ్బునీటితో కడిగి, బాల్కనీలో తువ్వాళ్ళ ప్రక్కన ఆరవేసి, మూడువందలో నాలుగువందలో మిగిలినవని సంతసింతురు. ఉన్న విద్యుత్తు ఆ నీటితోనే పోవును, వలవంటి గుడ్డ మిగులును. రంగు చూచి మంచిదనుటయు, రంగు చూచి చెడ్డదనుటయు రెండును ఇక్కడ మోసమే. కనుక దీనికి మాత్రము క్యాలెండరే ప్రమాణము. పుస్తకములు చాలవరకు 10,000 మొదలు 15,000 కిలోమీటర్లనో, ఒక సంవత్సరమనో చెప్పుచున్నవి. నగరపు రద్దీలో దినము రెండుగంటలు గడుపువారును, ఇంట ఉబ్బసమువారో పసిబిడ్డలో ఉన్నవారును, ఆరునెలలకే మార్చుట దుబారాయని నేననుకొనను.

కొన్నిటిలో నల్లనిపొర యొకటి యుండును. అది మురికి కాదు, ఉత్తేజిత కర్బనము. బొగ్గును ఆవిరితో మిక్కిలి వేడిమిలో కాల్చి, అందు లెక్కలేనన్ని సూక్ష్మరంధ్రములు తెరచినది. దాని ఒక్క గ్రాము లోపలి ఉపరితలము అయిదువందల మొదలు వేయి చదరపు మీటర్లవరకుండును. ధూళిపొర పట్టలేని వాసనలను, వాయువులను ఇది పట్టును. ఇట్టి బొగ్గునకు శ్రేష్ఠమైన ముడిసరకులలో కొబ్బరిచిప్ప యొకటి. పచ్చడి నూరుకొని మనము పెరటిలో పారవేయు చిప్పకు ఇంత భవిష్యత్తున్నదని కోనసీమ గృహిణికి చెప్పినచో నవ్వవచ్చును. ఎండుమిరప పంటకాలమున గుంటూరు యార్డుప్రక్కగా కారులో పోయినవారికి, ధూళికిని ఘాటుకును భేదము తుమ్ములే బోధించియుండును. కర్బనపు రంధ్రములు నిండిన పిమ్మట అదియు నిష్ప్రయోజనమే. నిండినదో లేదో కన్ను చెప్పలేదు, ముక్కే చెప్పవలెను. డాష్‌బోర్డుపై అత్తరుసీసా పెట్టుట ముక్కునోరు మూయించుటయే.

మరియొక చిన్న యుపకారము: ఫిల్టరు పూడినప్పుడు గాలి తక్కువగా వచ్చి, ఏసీ చల్లబరచుట లేదని తోచును. ఎండకాలపు తొలిదినములలో గ్యాసు నింపించుకొనుటకు వరుసలో నిలుచు కార్లలో కొన్నిటికి వలసినది గ్యాసు కాదు, నాలుగువందల ఫిల్టరు. ఫ్యాను మోత హెచ్చుగను, గాలి తక్కువగను ఉన్నచో మొదట అనుమానింపవలసినది దీనినే. తొలినిమిషముననే వచ్చు ముక్కవాసన మాత్రము తరచుగా ఫిల్టరుది కాదు. దానికావలనున్న చల్లని గొట్టములపై తడిలో పెరిగిన బూజుది. ఫిల్టరు మార్చినను ఆ వాసన పోకున్నచో మెకానిక్కును దూషింపరాదు.

బయటిగాలి రాకుండ లోపలిగాలినే త్రిప్పు బటను నొక్కుకొన్నచో ఫిల్టరుతో పనియేమి, అని యడుగువారుందురు. దుమ్ములారీ దాటునంతవరకు అది మంచియుపాయమే. అనేక కార్లలో ఆ గాలియు మరల ఫిల్టరుద్వారానే తిరుగును గనుక, లోపలి ధూళి త్వరగా తగ్గును. కాని ఊపిరి లెక్కయొకటున్నది. కూర్చున్న మనిషి గంటకు సుమారు 18 లీటర్ల బొగ్గుపులుసుగాలి విడుచును. నలుగురు విడుచునది పదినిమిషములకు 12 లీటర్లు. కారులోపలి స్థలము 3,000 లీటర్లనుకొన్నచో, సందులేని పెట్టెలో అది పదిలక్షకు 4,000 పాళ్ళు. బయటిగాలిలో నుండునది 420 చిల్లర. నిజమైన కారు సందులు గలది గనుక అంత కాకపోవచ్చును. ఐనను హైదరాబాదునుండి విజయవాడకు పోవు దారిలో, సూర్యాపేట చేరకముందే అందరును ఆవులించుట భోజనమువలననే కాదు. అరగంటకొకసారి రెండుమూడు నిమిషములైన బయటిగాలి రానిచ్చుట మంచిది. ఆ గాలి వచ్చుదారిలో శక్తిగల ఫిల్టరుండుట మరియు మంచిది.

నేను ఇప్పుడు ఇంజను ఫిల్టరును పుస్తకమునకే వదలి, ఏడాదికొకసారి పెట్టె విప్పించి చూతును. క్యాబిన్ ఫిల్టరును మాత్రము దీపావళి పొగ సద్దుమణిగిన వారమునకు స్వయముగ మార్చుకొందును, గ్లోవ్ బాక్సు రెండు చెవులు లోపలికి నొక్కిన క్రిందికి వ్రాలును, వెనుక సన్నని మూతయుండును, ఫిల్టరు అంచుపై గాలి పోవు దిక్కునకు బాణపుగుర్తుండును, పదినిమిషముల పని. అంచున పెన్నుతో తేదీ వ్రాసికొందును. మా కారు సంవత్సరమెల్ల వీధిలోని వేపచెట్టు క్రింద నిలుచును. కిందటి కార్తికమున తీసిన ఫిల్టరును పత్రికపై విదిలింపగా, మసియు, దూదియు, ఎండిన చీమరెక్కలును రాలినవి. వానితో, ఉగాదినాటి వేపపూత, గోధుమరంగునకు తిరిగి, గుప్పెడు.